తొలి క్రూజర్ ఎవరికి ఏది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మీరు కొనదలచిన మొదటి క్రూజర్ (కాళ్ళు ముందుకు చాపి కూర్చుని నడిపే మోటార్ సైకిల్) ఏది, ఎందుకని కిందటి నెల అడిగాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో కారణం కంటే ముందు కంపెనీ పేరే ఉంది. పేరు మీద అభిమానం ఉండడం మంచిదే. కాకపోతే రోజూ బండి నడిపే దారి, నడిపే మనిషి ఎత్తు, దగ్గర్లో ఉన్న మెకానిక్ చేతి పని కూడా లెక్కలోకి రావాలి. జవాబులన్నీ ఆ లెక్కతోనే ఇస్తున్నాం.

ప్రశ్న: నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఇన్నాళ్ళూ స్కూటీ నడిపాను. ఇప్పుడు కావలి నుంచి నెల్లూరుకు వారానికి మూడు నాలుగు సార్లు హైవే మీద వెళ్ళి రావాలి. అవెంజర్ అయితే కాళ్ళు ఆనతాయని మా అన్న, హైవేకి మీటియరే నయమని మా వారు. ఇద్దరూ పట్టు వదలడం లేదు. ఏది తీసుకోను?
— లెక్చరర్, కావలి

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉందమ్మా. బజాజ్ అవెంజర్ 220 క్రూజ్ సీటు ఎత్తు 737 మి.మీ., రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు 765 మి.మీ. తేడా 28 మి.మీ., అంటే అంగుళం పైచిలుకు. బరువులో తేడా కూడా 28 కిలోలే: అవెంజర్ 163, మీటియర్ 191. ఎత్తు తేడా కూర్చున్నప్పుడు తెలుస్తుంది. బరువు తేడా మాత్రం దిగి బండిని వెనక్కి తోయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటి బండి మీద ఎప్పుడూ ఉన్నట్టే అనుకోండి.

షోరూముకు వెళ్ళేముందు ఇంట్లో ఒక కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకు ఆని నిలబడి, రెండు కాళ్ళ మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని పైదాకా ఆనించి, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత వరకు ఉన్నదే మీ కాలి పొడవు. మనిషి కూర్చోగానే స్ప్రింగులు రెండు మూడు సెంటీమీటర్లు దిగుతాయి, షూ మడమ ఇంకో రెండు సెంటీమీటర్లు కలుపుతుంది. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే కాళ్ళు పక్కలకు తెరుచుకుని అందులో కొంత పోతుంది. అందుకే కాగితం మీది అంకె ఒక్కటే చూసి నమ్మొద్దు. రెండు పాదాల ముందు భాగం గట్టిగా ఆనితే చాలు, మడమలు ఆనకపోయినా ఫరవాలేదు.

షోరూములో ఇవి చేసి చూడండి. సైడ్ స్టాండు మీది బండిని ఒక్కరే నిటారుగా లేపండి. దాని మీద కూర్చుని కాళ్ళతో అయిదారు అడుగులు వెనక్కి నడపండి. హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి చివరిదాకా తిప్పండి. అలా తిప్పినప్పుడు దూరమైన చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా సాగిపోతే యూటర్న్ తిప్పడం కష్టం. రెండు బండ్లకూ ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి. బ్రేకు పెడలు నొక్కేటప్పుడు నడుము ముందుకు జారకుండా కాలు అందాలి. ఇవన్నీ సరిపోయాక కనీసం ఇరవై నిమిషాలు నడిపి చూడండి. సందు చివరిదాకా వెళ్ళి వచ్చేయడం టెస్ట్ రైడ్ అనిపించుకోదు.

ఇక హైవే సంగతి. కావలి–నెల్లూరు మధ్య యాభై కిలోమీటర్ల పైచిలుకు, పక్కనంతా పోర్టు లారీలు. మీటియర్ 349 సీసీ ఇంజిన్ 4000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది. అవెంజర్ 220 ఇచ్చేది 17.5, అదీ 7000 దగ్గర. ఎనభైలో వెళ్తూ లారీని దాటాల్సి వస్తే మీటియర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే సరిపోతుంది, అవెంజర్‌లో ఒక గేరు దించాలి. పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడు గాలి తోపుకు బరువైన బండి తక్కువ ఊగుతుంది. ఇంకోటి, క్రూజర్‌లో కాళ్ళు ముందుకు చాపి కూర్చుంటాం కనుక గుంట వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడడం కుదరదు, కుదుపు నేరుగా వెన్ను అడుగున తగులుతుంది. వెనక షాక్స్ గట్టిదనం మార్చే రింగును ఒంటరిగా నడిపేటప్పుడు అన్నిటికన్నా మెత్తని మెట్టులో ఉంచండి.

మా మాట ఇది: ఇంటి ముందు చదునుగా ఉండి, బండిని మీరొక్కరే తోయగలిగితే మీటియర్ తీసుకోండి. ఇంటి ముందు వాలు ఉన్నా, కాలేజీలో ఇరుకు పార్కింగులో రోజూ వెనక్కి లాగాల్సి ఉన్నా అవెంజర్ మేలు. హైవేలో దాన్ని డెబ్బై దగ్గర నిలపండి. ఏది కొన్నా, స్కూటీకి అలవాటుపడ్డ చేయి క్లచ్‌ను వెనక బ్రేకు అనుకుని గట్టిగా నొక్కేస్తుంది. మొదటి వారం కాలేజీ గ్రౌండులోనే క్లచ్, కుడికాలి బ్రేకు అలవాటు చేసుకుని తర్వాత హైవే ఎక్కండి.

ప్రశ్న: మా తాతది బుల్లెట్, మా నాయనది బుల్లెట్. ఇంట్లో వేరే బండి మాట ఎత్తితే ఒప్పుకోరు. నాకు హోండా హైనెస్ సీబీ350 నచ్చింది. బుల్లెట్ అయితే ఇంట్లో ఉన్న పాత సామాన్లు, తెలిసిన మెకానిక్ పనికొస్తారని మా నాయన వాదన. నిజమేనా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: మీ నాయన చెప్పేదానిలో మెకానిక్ మాట సగం నిజం, సామాన్ల మాట ఇప్పుడు నిజం కాదు. 1955లో మద్రాసులో మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారీలో చాలా కాలం నడిచింది పోత ఇనుము ఇంజిన్. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తర్వాత 2009 ప్రాంతంలో ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే డబ్బాలో ఉన్న యూసీఈ వచ్చింది, గేరు ఎడమకు మారింది. 2020లో అదే కంపెనీ మీటియర్‌తో జె సిరీస్ ఇంజిన్ వచ్చింది. క్లాసిక్ 350 మోడల్‌కు 2021లో, బుల్లెట్ 350కి 2023లో అదే పెట్టారు. ట్యాంకు మీద పేరు ఒకటే అయినా లోపల మూడు వేర్వేరు ఇంజిన్లు. తాతగారి బుల్లెట్ పిస్టన్, క్లచ్ ప్లేట్లు, పాయింట్లు కొత్త బండికి పట్టవు. పాత ఇంజిన్‌లో ట్యాపెట్లు సరిచేయడంలో, టైమింగ్ పెట్టడంలో ఆరితేరిన మెకానిక్‌కు కొత్తదాని ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్ల తప్పులు చదివే స్కానర్ ఉందో లేదో అడగండి. ఉంటే మాత్రం అలాంటి మెకానిక్‌ను వదులుకోవద్దు.

పాత బుల్లెట్ వాళ్ళకు కొత్తది ‘దడ లేదు’ అనిపించడానికీ కారణం ఉంది. జె సిరీస్‌లో ఇంజిన్ అదురును తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్టు ఉంది, పాతవాటిలో లేదు. ఆ దడ కోసమే కొనేవాళ్ళు కొత్త బుల్లెట్‌ను నడిపి చూసి, తృప్తిగా అనిపిస్తేనే డబ్బు కట్టాలి. పాత జ్ఞాపకంతో కొత్త బండి కొని తర్వాత బాధపడడం వద్దు.

అభిమానం మిగతా కంపెనీల విషయంలోనూ ఇలాగే చిక్కుముడి. అవెంజర్‌కు ముందు 2001లో బజాజ్ అమ్మిన ఎలిమినేటర్ 175 కవాసాకీది. 2005లో పల్సర్ 180 ఇంజిన్ పెట్టి అవెంజర్ చేశారు. ట్రయంఫ్ స్పీడ్ 400 తయారయ్యేది పుణె దగ్గరి చకన్‌లో బజాజ్ వాళ్ళ ఫ్యాక్టరీలో, హార్లీ ఎక్స్440 తయారయ్యేది రాజస్థాన్‌లోని నీమ్రానాలో హీరో వాళ్ళ ఫ్యాక్టరీలో. పేరు ఒకరిది, ఫ్యాక్టరీ మరొకరిది. కనుక ఇంట్లో మాట్లాడేటప్పుడు ‘ఏ కంపెనీ’ అనే ప్రశ్నను పక్కనబెట్టి, ఒంగోలులో ఆ బండికి సర్వీసు ఎవరు చేస్తారు, క్లచ్ కేబుల్, బ్రేకు ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్ అదే రోజు దొరుకుతాయా అనే ప్రశ్నతో మొదలుపెట్టండి. విడిభాగాల కౌంటరు దగ్గరికి మీరే వెళ్ళి ఈ మూడూ అడగండి. రెండు కంపెనీల్లో ఎవరు ‘ఉంది’ అంటారో, ఎవరు ‘తెప్పిస్తాం’ అంటారో రాసుకోండి.

బండి వరకు చెప్పాలంటే హైనెస్ 181 కిలోలు, 3000 ఆర్పీఎం దగ్గరే 30 న్యూటన్ మీటర్ల టార్క్, తేలిక క్లచ్, ఊళ్ళో నడపడానికి చాలా హాయి. అయితే సీటు 800 మి.మీ., కూర్చోవడం నిటారుగా. కాళ్ళు చాపుకుని కూర్చునే క్రూజర్ కావాలనుకుంటే అది కాదు. మీ నాయన వెనక కూర్చుని తిరిగేవారైతే ఆయన్ను కూడా తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూపండి. వాదనతో తేలనిది అక్కడ తేలుతుంది.

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద తిరిగే పని. రెండేళ్ళకే అవెంజర్ క్రూజ్ క్రోమంతా పొక్కులొచ్చింది, స్పోకులు తుప్పు, చైన్ గట్టిపడింది. రోజూ కడుగుతానే ఉండాను. ఎట్టా కాపాడుకోవాలి?
— ఆక్వా రైతు, ఇందుకూరుపేట మండలం

జవాబు: ముందుగా ఏ నీళ్ళతో కడుగుతున్నారో చూడండి. తీరం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెడితే ఉప్పును మళ్ళీ పూసినట్టే. ఆర్వో ప్లాంటు బయటికి వదిలే నీళ్ళు ఇంకా ఉప్పన, వాటిని అసలు తాకనివ్వొద్దు. కాలవ నీళ్ళో, పంచాయతీ కుళాయి మంచినీళ్ళో రెండు బకెట్లు చాలు. ఇంజిన్ చల్లారాక పైనుంచి కిందికి పోసి, మడ్‌గార్డుల లోపలి వైపు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కింద, సైలెన్సర్ అడుగు చేత్తో రుద్దండి. ప్రెషర్ గన్‌ను చక్రం మధ్య బేరింగులకు, హ్యాండిల్ కింద కోన్‌సెట్‌కు (హ్యాండిల్ తిరిగే బేరింగులకు) ఎదురుగా పెట్టనివ్వొద్దు. గ్రీజు పోయి నీరు చేరుతుంది. కడిగాక గుడ్డతో తుడిచి, పది నిమిషాలు నడపండి.

చైన్‌కు వారానికోసారి పని పెట్టుకోండి. వెనక చక్రం నేలకు తగలకుండా బండిని స్టాండు మీద నిలిపి, ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో రుద్దండి. పెట్రోలు వద్దు, చైన్‌లో రబ్బరు రింగులుంటే చెడతాయి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి గేరులో చక్రం తిప్పడం చాలామందికి అలవాటు. వేళ్ళు తెగేది అక్కడే, ఎంత తొందరున్నా చేయొద్దు. బాగా ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్‌ను చైన్ లోపలి వైపు చుక్కలుగా వేసి, మిగిలింది తుడిచేయండి. తుడవకుంటే ఇసుక అంటుకుని చైన్‌నూ పళ్ళచక్రాలనూ అరగదీస్తుంది. తర్వాత కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. మామూలుగా పాతిక నుంచి ముప్పై అయిదు మి.మీ. ఆట ఉండాలి; మీ బండి కచ్చితమైన కొలత మాన్యువల్‌లో ఉంటుంది. ఒక చోట బిగుతుగా, ఒక చోట వదులుగా ఉంటే చైన్ అయిపోయినట్టే. చైన్‌తో పాటు ముందు, వెనక పళ్ళచక్రాలు కూడా కలిపి సెట్టుగా మార్చండి. ఒక్క చైన్ మారిస్తే పాత పళ్ళు కొత్తదాన్ని త్వరగా తినేస్తాయి.

సైలెన్సర్ లోపలినుంచి తుప్పు పట్టడానికి ఉప్పుగాలితో పాటు ఇంకో కారణం ఉంది. ఈ చెరువు నుంచి ఆ చెరువుకు రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే పొగలోని ఆవిరి లోపలే నీరైపోతుంది. వారానికి ఒకసారైనా ఇరవై నిమిషాలు ఏకబిగిన నడపండి. సైలెన్సర్ అడుగున చిన్న బెజ్జం ఉంటే అది మూసుకుపోకుండా చూడండి. క్రోమ్ మీద నెలకోసారి మైనపు పాలిష్, బ్యాటరీ మొలలకు వాజిలిన్, డిస్క్ బ్రేక్ కాలిపర్ పిన్నులకు ఏడాదికోసారి సిలికాన్ గ్రీజు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్ళకోసారి మార్చాలి, డాట్ 4 రకం.

నిజాయితీగా చెప్పాలంటే చెరువు కట్ట క్రూజర్ తిరగాల్సిన చోటు కాదు. అవెంజర్ రెండు చక్రాల మధ్య దూరం 1490 మి.మీ., బురదలో తిప్పడం కష్టం, బరువంతా వెనక చక్రం మీదే. కట్టల మీదికి ఒక టీవీఎస్ ఎక్సెల్‌ను పెట్టుకుని, అవెంజర్‌ను నెల్లూరుకు పోవడానికి ఉంచుకోండి. మళ్ళీ కొనేటప్పుడు స్పోకుల చక్రం మాని అల్లాయ్ వీల్ ఉన్న మోడల్ చూడండి.

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ క్వారీల రోడ్డులో రోజూ ప్రయాణం. మైలేజీ పడిపోయింది. ఎయిర్ ఫిల్టర్ తీసేసి రేసింగ్ ఫిల్టర్ పెడితే గాలి బాగా అందుతుందని ఒకరన్నారు.
— క్వారీ సూపర్‌వైజర్, చీమకుర్తి

జవాబు: పెట్టొద్దు. గ్రానైట్ పొడి ఇసుక కన్నా సన్నం, కరుకు. గాలిని ధారాళంగా వదిలే ఫిల్టర్ ఆ పొడినీ వదులుతుంది. అది సిలిండర్ గోడల్ని, పిస్టన్ రింగుల్ని గీకేస్తే ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలవుతుంది, నీలిపొగ వస్తుంది. కంపెనీ కాగితపు ఫిల్టర్నే వాడి, మాన్యువల్‌లో చెప్పిన దూరంలో సగానికే మార్చండి. దాన్ని కడగొద్దు, ఎదురుగా గాలి కొట్టించొద్దు. కాగితం పొరలు చిరుగుతాయి. ఫిల్టర్ పెట్టె మూత రబ్బరు సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి, దుమ్ము ఎక్కువసార్లు లోపలికి పోయేది ఆ సందులోంచే. ముందు ఫోర్కు గొట్టాల మీద పేరుకున్న పొడిని రోజూ తడిగుడ్డతో తుడిస్తే ఆయిల్ సీళ్ళు ఎక్కువ కాలం వస్తాయి.

ప్రశ్న: మీటియర్‌కు పెద్ద సౌండు సైలెన్సర్ పెట్టించుకోవచ్చా?
— విద్యార్థి, నెల్లూరు

జవాబు: పెట్టించుకోకండి. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండి సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సార్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. వాటిని మారిస్తే పెట్రోలు, గాలి పాళ్ళు తప్పి ఇంజిన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపమంటుంది, వారంటీకి ఇబ్బంది వస్తుంది. మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం శబ్దం, కాలుష్యం హద్దు దాటితే మొదటిసారికే పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడొచ్చు. మీ సందులో ఉండే ముసలివాళ్ళనూ చంటిపిల్లలనూ కూడా గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: అవెంజర్ 220. వీఆర్‌సీ సెంటరు ట్రాఫిక్‌లో నడిపాక హైవేలో ఇంజిన్ అరుస్తుంది గానీ వేగం పెరగడం లేదు. ఆయిల్ కొత్తగా మార్చిందే, అదీ ఖరీదైన కారు ఆయిల్. క్లచ్ పోయిందా?
— మెడికల్ రిప్రజెంటేటివ్, నెల్లూరు

జవాబు: క్లచ్ జారుతోంది. ప్లేట్లు అరిగిపోయాయా లేక ఆయిల్ వల్లా అన్నది తేల్చాలి, కొనడానికి తొందరపడొద్దు. కారులో క్లచ్ పొడిగా ఉంటుంది. మోటార్ సైకిల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి ప్లేట్ల పట్టును కూడా తగ్గిస్తాయి. అందుకే డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘జాసో ఎంఏ2’ (ఆయిల్లో మునిగే క్లచ్‌కు పనికొచ్చే రకం) అని ఉన్నదే కొనాలి. ఆయిల్ చిక్కదనం అంకె మీ బండికి 20డబ్ల్యూ50. మీటియర్ లాంటి జె సిరీస్ ఇంజిన్లకు 15డబ్ల్యూ50. ఖరీదు చూసి కాదు, ఈ అంకెలు చూసి తీసుకోండి.

వరసగా ఇలా చేయండి. మొదట క్లచ్ లివర్ చివర ఆట చూడండి; రెండు మూడు మి.మీ. ఉండాలి. అసలు ఆట లేకపోతే లివర్ వదిలినా ప్లేట్లు సగం విడిపోయే ఉంటాయి, కేబుల్ సర్దితే సమస్య పోవచ్చు. ఆట సరిగా ఉంటే కారు ఆయిల్ పూర్తిగా తీసేసి, సరైన ఆయిల్ పోసి, ఫిల్టర్ మార్చి, రెండు మూడు వందల కిలోమీటర్లు నడపండి. తర్వాత ఖాళీ రోడ్డులో నాలుగో గేరులో నలభై దగ్గర యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పి చూడండి. శబ్దం ఎగిరి వేగం ఎగరకపోతే ప్లేట్లే పోయాయి.

ప్లేట్లు మార్చేటప్పుడు మెకానిక్ పక్కనే ఉండి మూడు సంగతులు చూసుకోండి. కొత్త ప్లేట్లను బిగించేముందు ఇంజిన్ ఆయిల్లో నానబెట్టాలి, రాత్రంతా అయితే మంచిది. స్ప్రింగులు కూడా మార్చాలి, అలసిన స్ప్రింగులు కొత్త ప్లేట్లనూ జారనిస్తాయి. క్లచ్ గిన్నె గాళ్ళలో ప్లేట్ల పళ్ళు తిన్న గుంటలు ఉంటే ప్లేట్లు అక్కడ ఇరుక్కుని క్లచ్ కుదుపుగా పడుతుంది. ట్రాఫిక్‌లో సగం క్లచ్ పట్టుకుని పాకించే అలవాటు మానండి. ఆగినచోట న్యూట్రల్ వేయండి. ఈ ఇంజిన్ పల్సర్ 220 కుటుంబానిదే కనుక నెల్లూరులో దీని పని తెలిసిన చేతులకు, సామాన్లకు కొరత ఉండదు. అవెంజర్‌ను ఇష్టపడేవాళ్ళు చెప్పే కారణాల్లో మేము మనస్ఫూర్తిగా ఒప్పుకునేది ఇదే.

ప్రశ్న: చెన్నైలో 2017 అవెంజర్ 220 సెకండ్ హ్యాండ్ చౌకగా వస్తోంది. తమిళనాడు నంబరుతోనే మన దగ్గర తిప్పుకోవచ్చా? బండిలో ఏం చూడాలి?
— ఎలక్ట్రీషియన్, సింగరాయకొండ

జవాబు: పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచే బండికి ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలి. అందుకు అమ్మేవారి ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీయించాలి. చలానాలు బాకీ ఉంటే అది రాదు. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఇచ్చే 35. ఇక్కడికి తెచ్చాక ఫారం 27తో కొత్త నంబరు, బండి వయసును బట్టి ఆంధ్రా లైఫ్ ట్యాక్సు. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని పద్నాలుగు రోజుల్లోపు అడగాలి. ఈ ఖర్చంతా ధరకు కలిపి చూస్తే చెన్నై చౌక చాలాసార్లు మిగలదు. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

బండిలో ముందుగా వరద గుర్తులు వెతకండి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో చెన్నైలో ఎన్నో బండ్లు నీట మునిగాయి. హెడ్‌లైటు, మీటర్ అద్దం లోపల ఆవిరి మరక, సీటు కింద మూలల్లో ఎండిన ఒండ్రు, వైర్ల కనెక్టర్లలో పచ్చని చిలుము, పాలలా తెల్లబడ్డ ఇంజిన్ ఆయిల్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వచ్చేయండి.

అమ్మే మనిషికి బండిని ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. ఇంజిన్‌ను చేత్తో తాకి, చల్లగా ఉందని తెలుసుకున్నాకే సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయిన క్షణంలో కాస్త నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు, యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు. రెండోది పెద్ద ఖర్చు. ముందు చక్రాన్ని నేల నుంచి లేపించి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పండి. మధ్యలో ‘టక్’మని ఆగితే కోన్‌సెట్ పోయినట్టు. ఆయిల్ కూలర్ గొట్టాల అతుకుల దగ్గర తడి ఉందేమో చూడండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి.

2017 మోడల్‌కు కార్బురేటర్ ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలుకు ఆనాటి రబ్బరు రింగులు, గొట్టాలు త్వరగా ఉబ్బి, పెళుసెక్కుతాయి. కొన్న వెంటనే పెట్రోలు గొట్టం, కార్బురేటర్ రబ్బర్లు మార్పించండి. రెండు వారాలకు మించి నిలిపితే ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ అడుగు స్క్రూ వదిలి మిగిలిన పెట్రోలు తీసేయండి.

ప్రశ్న: హార్లీ ఎక్స్440 క్రూజరేనా? పేరు కోసం కొనొచ్చా?
— వ్యాపారి, కందుకూరు

జవాబు: సీటు 805 మి.మీ., ఫుట్‌రెస్టులు మధ్యలో ఉంటాయి, కూర్చోవడం నిటారుగా. క్రూజర్ కన్నా రోడ్‌స్టర్ (నిటారుగా కూర్చుని నడిపే బైకు) అనడం సరైనది. 38 న్యూటన్ మీటర్ల టార్క్‌తో లాగుడు చాలా బాగుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. 440 సీసీ బండి రెండో గీటులో పడుతుంది. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం కూడా 350 దాటాక వేరే మెట్టు. ఆన్ రోడ్ ధరను విడివిడి పద్దులుగా రాయించుకోండి. కందుకూరుకు దగ్గరి సర్వీసు సెంటరు ఎంత దూరమో, అక్కడికి పోయి రావడానికి ఒక పని దినం పోతుందో లేదో చూసుకోండి. ఆ దూరం మీకు సమ్మతమైతే, పేరు నచ్చి కొనడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: భార్యాభర్తలం మీటియర్ మీద పొదిలి నుంచి శ్రీశైలం వెళ్ళాలనుకుంటున్నాం. ఘాట్ కొత్త. జాగ్రత్తలు చెప్పండి.
— గ్రామ సచివాలయ ఉద్యోగి, పొదిలి

జవాబు: మార్కాపురం మీదుగా దోర్నాల చేరి, అక్కడే ట్యాంకు నింపుకోండి. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు యాభై కిలోమీటర్లు, అంతా నల్లమల. రాత్రిపూట అటవీశాఖ గేట్లు మూస్తారు, కనుక పొద్దున్నే బయలుదేరి చీకటి పడకముందే తిరిగి దోర్నాల దాటేలా చూసుకోండి.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి పట్టించండి. బండి మీది స్టిక్కర్‌లో ఇద్దరికి వేరే అంకె ఉంటుంది, వెనక చక్రానికి అదే పెట్టండి. వెనక షాక్స్ రింగును రెండు వైపులా ఒకే మెట్టుకు గట్టి చేయండి. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటే వంపుల్లో బండి పక్కకు లాగుతుంది. బ్యాగును వెనక క్యారియర్ చివర కాకుండా ఇద్దరి మధ్యనో, రెండు పక్కలా సమంగానో కట్టండి. చివర బరువు పెరిగితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. బ్రేకు ప్యాడ్ల మందం రెండు మి.మీ. కన్నా తక్కువుంటే మార్పించే వెళ్ళండి. మీటియర్‌కు ట్యూబ్‌లెస్ టైర్లు కనుక పంచర్ కిట్, చిన్న గాలి పంపు చాలు.

దిగేటప్పుడే అసలు జాగ్రత్త. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో, రెండు లేదా మూడులో దిగండి, ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో, క్లచ్ నొక్కి జారనివ్వడం ప్రమాదం. బ్రేకును అంతసేపూ పట్టుకుని ఉంటే బ్రేక్ ఆయిల్ మరిగి లివర్ మెత్తబడుతుంది. నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కండి. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వేయకుండా పోవాలి. క్రూజర్ ఫుట్‌రెస్టులు కిందికి ఉంటాయి కనుక బండిని బాగా వాల్చితే అవి రోడ్డును గీకుతాయి. గీకిన శబ్దానికి ఉలిక్కిపడి హ్యాండిల్ లాగొద్దు, వేగం ఇంకాస్త తగ్గించండి. మీ భార్యకు ముందే చెప్పండి: వంపులో మీరు ఎటు వాలితే అటే, మీ భుజం మీదుగా చూస్తూ కూర్చోవాలి, భయంతో రెండో వైపుకు ఒరగకూడదు. దారిలో కోతులకు తిండి పెట్టడానికి ఆపకండి. ఆగిన బండి చుట్టూ గుంపు చేరి సీటు, బ్యాగు చించుతాయి. శిఖరం దగ్గర ఆగినప్పుడు మొదటి గేరులో, బండి ముఖం ఎత్తు వైపు ఉండేలా సైడ్ స్టాండు వేయండి.